కోటయ్య లాగిన చేతి బ్రేకు

మొన్న ఆదివారం మా వీధిలో ఉండే బ్యాంకు ఉద్యోగి ఒకాయన తన కారు వెనక చక్రాలు విప్పుకుని ఇంటి ముందు కూర్చున్నాడు. ఫోను గోడకి ఆనించి పెట్టుకున్నాడు. అందులో ఎవరో డిస్కులూ ప్యాడ్లూ ఎలా మార్చాలో చూపిస్తుంటే, కాసేపు చూసి, ఆపి, పని చేసి, మళ్లీ చూస్తున్నాడు. తప్పేం లేదు. మా రోజుల్లో అలాంటిది ఉంటే నేను సగం దెబ్బలు తప్పించుకునేవాణ్ణి.

నాకు అరుగు మీద కూర్చోబుద్ధి కాలేదు. రెండుసార్లు లేచి లోపలికెళ్లాను, రెండుసార్లు బయటికొచ్చాను. "కాలుకాలిన పిల్లిలా తిరక్కపోతే వెళ్లి చూడరాదూ," అంది మా ఆవిడ. వెళ్లాను.

ఆయన కొత్త డిస్కు అట్టపెట్టెలోంచి తీసి నేరుగా బిగించబోతున్నాడు. నేను డిస్కు మీద వేలితో రాసి, ఆ వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

"ఏంటండీ మస్తాన్ గారూ, వాసన చూస్తున్నారు?"

"నూనె బాబూ. తుప్పు పట్టకుండా రాసి పంపుతారు. కడిగి బిగించండి."

"వీడియోలో చెప్పాడండీ, మర్చిపోయాను. అయినా కొంచెమే కదా. నాలుగుసార్లు బ్రేకు తొక్కితే పోదూ?"

కొంచెమే కదా అనేసరికి నాకు ఒళ్లు మండింది. గట్టిగా ఏదో అన్నాను. పాపం, ఆయన బిత్తరపోయి డిస్కు కింద పెట్టేశాడు. నా కోపం ఆయన మీద కాదు. ఎవరి మీదో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఈ పనిలోకి వచ్చేవాళ్లు చదువుకోండి.

ఇంటికెళ్లి చేసే పని

ముప్పై ఎనిమిదేళ్లు మెకానిక్కుగా చేశాను. మొదలూ తిరువూరే, ఆఖరూ తిరువూరే. సొంత షెడ్డు ఎప్పుడు పెట్టాను, ఎవరెవరి కార్లు చూశాను, అవన్నీ మీకెందుకు. నేను చెయ్యాల్సినట్టు చెయ్యని ఒక్క పని చెబుతాను. మిగతా పనంతా దాని తర్వాతే నేర్చుకున్నాను.

డెబ్బైల్లో మా వైపు కార్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. చాలామటుకు అంబాసిడర్లు. వెనక చక్రాలకి డిస్కులు అప్పుడెక్కడివి? డ్రమ్ములు. చక్రం వెనక ఇనుప గిన్నెలాంటిది ఉంటుంది, అదే డ్రమ్ము. దాని లోపల వంపు తిరిగిన రెండు షూలు, వాటి మీద లైనింగు. బ్రేకు తొక్కితే షూలు విచ్చుకుని డ్రమ్ము లోపలి అంచుని ఒరుసుకుంటాయి, చక్రం ఆగుతుంది. చేతి బ్రేకు లాగితే మాత్రం వెనక రెండు చక్రాలే బిగుసుకుంటాయి. ముందు చక్రాలకీ దానికీ సంబంధం లేదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

లైనింగు అరిగితే పాత రివెట్లు ఊడగొట్టి, కొత్త లైనింగు పెట్టి, రాగి రివెట్లు కొట్టేవాళ్లం. లోపలి దుమ్ము నోటితో ఉఫ్ మని ఊదేవాళ్లం. అది ఊపిరితిత్తులకి చేటని మాకెవరూ చెప్పలేదు. మీరు ఊదకండి.

అప్పటి ఆసాములు కారుని షెడ్డుకి పంపడం నామోషీ అనుకునేవాళ్లు. కారు షెడ్డులో కనపడితే సాయంత్రానికి ఊరంతా పాకిపోతుంది, ఫలానావారి కారు మూలపడిందట అని. అందుకని మెకానిక్కే సైకిలు హ్యాండిలుకి పనిముట్ల సంచి తగిలించుకుని ఇంటికి వెళ్లాలి. గొడ్ల సావిడి పక్కన ఇటుకలు పేర్చుకుని, జాకీ ఎత్తుకుని, అక్కడే చెయ్యాలి. మజ్జిగ ఇస్తారు, అన్నం పెడతారు, మర్యాదకి లోటుండదు. కానీ ఆ నేల మీది కాదు. మీరు కింద పెట్టిన వస్తువు మీరు పెట్టిన చోటే ఉంటుందని నమ్మకం లేదు. ఇంటి దగ్గర పనిలో అందరూ సాయం చేస్తారు. అసలు చిక్కు అదే.

నాకు పని నేర్పింది ఖాసిం ఉస్తాద్. విస్సన్నపేట రోడ్డులో ఆయన షెడ్డు. పనిలో అంత మొనగాణ్ణి నేను మళ్లీ చూడలేదు. బ్రేకు పనికి ఆయన ఒకటే చెప్పేవాడు. "డ్రమ్ము ఎక్కించే ముందు లోపల వేలు పెట్టి చూడు. వేలు వాసన చూడు. నువ్వే కడిగినా సరే, నిమిషం కింద కడిగినా సరే." పనిలోకి వచ్చిన మొదటి ఏడాది నేను వేలు వాసన చూడకుండా ఒక్క డ్రమ్మూ ఎక్కించలేదు. తర్వాత పని వచ్చేసింది అనుకున్నాను. ఇక వేలు పెట్టడం మానేశాను.

ఆ శుక్రవారం

ఊరి చివర వెంకట్రామయ్య గారిల్లు. పెద్ద రైతు. రెడ్డిగూడెంలో మామిడితోట ఉంది ఆయనకి. కారు అంబాసిడరు, డ్రైవరు కోటయ్య. కోటయ్యకి అప్పటికి నలభై దాటాయి, ముందు లారీ తోలినవాడు. నాకు పాతికేళ్లు. అన్నా అని పిలిచేవాణ్ణి. ఆ కారుకి వెనక లైనింగులు అరిగిపోయి చేతి బ్రేకు అసలు పట్టేది కాదు. కోటయ్య డిక్కీలో ఒక నల్లరాయి పెట్టుకుని తిరిగేవాడు. ఎక్కడ ఆపినా దిగి, ఆ రాయి తీసి చక్రం కింద పెట్టి, మళ్లీ బయల్దేరేటప్పుడు మోసుకొచ్చి డిక్కీలో వేసేవాడు.

శుక్రవారం పొద్దున వెళ్లాను. "సాయంత్రానికి కావాలి మస్తానూ, రేపు పొద్దున్నే విజయవాడ పోవాలి," అన్నారు వెంకట్రామయ్య గారు.

"అయిపోద్దండీ."

ముందు చక్రాలకి రాళ్లడ్డం పెట్టి, వెనక ఎత్తి, డ్రమ్ములు రెండూ ఊడదీశాను. షూలకి కొత్త లైనింగులు కొట్టి ఎక్కించాను. డ్రమ్ములు పెట్రోలుతో తళతళలాడేలా కడిగి, ఆరడానికి సావిడి గోడకి ఆనించి పెట్టాను. అప్పటికి జుమ్మా నమాజుకి వేళయింది.

ఆ ఇంట్లో ముత్తయ్య అని పాత పాలేరు. ఎడ్లబండి ఆయన లోకం. పొద్దుటి నుంచీ నా పని చూస్తూ గొంతుక్కూర్చున్నాడు. నేను చేతులు కడుక్కుంటుంటే డ్రమ్ము వైపు చూపించాడు.

"ఏం మస్తానూ, అదంతా ఎండిపోయి ఉందేంటి?"

"ఎండాలి తాతా. అందుకేగా అక్కడ పెట్టా."

"ఎండిన చక్రం ఎట్టా తిరుగుద్దిరా?"

"కార్ల సంగతి నీకు తెలవదులే తాతా," అని నవ్వి సైకిలెక్కాను.

ఎందుకు ఎండాలో ఒక్క ముక్క చెప్పి ఉంటే సరిపోయేది. ఆయనకి తెలియదని ఎగతాళి చెయ్యడానికి పట్టిన సేపు కూడా పట్టేది కాదు.

బండి ఇరుసుకి రాసే కందెన ఇప్పటివాళ్లు చూసి ఉండరు. ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి నూరతారు. వెదురు గొట్టంలో పోసి బండి కింద వేలాడదీస్తారు. ఇరుసు ఎండితే చక్రం కిర్రుమంటుంది, ఎడ్లకి బరువు ఎక్కువవుతుంది. ముత్తయ్య తన జన్మలో ఎండిన చక్రం కట్టి బండి తోలలేదు. నేను నమాజులో ఉండగా ఆయన గొట్టం తెచ్చి, డ్రమ్ములు రెండిటికీ లోపలంతా వేలితో పల్చగా, శ్రద్ధగా కందెన రాశాడు. రాసి ఎడ్లని తోలుకుని పొలం వెళ్లిపోయాడు. నా మీద ప్రేమతోనే చేశాడు.

నేను తిరిగొచ్చేసరికి అన్నం పెట్టారు. తిన్నాను. ఎండ చురుక్కుమంటోంది. మనసంతా ఎప్పుడు అయిపోతుందా అని. డ్రమ్ము ఎత్తి, లోపలికి చూడకుండానే షూల మీదికి తోసి, స్క్రూలు బిగించాను. రెండోదీ అంతే. నా చేతులకి అప్పటికే గ్రీజు ఉంది, కొత్తగా ఏదన్నా అంటుకున్నా తెలిసే వీల్లేదు.

కోటయ్య కారుని దొడ్లో నాలుగు చుట్లు తిప్పాడు. "పెడలు కాస్త జారుడుగా ఉంది మస్తానూ."

"కొత్త లైనింగు కదన్నా. రెండ్రోజులు తిరిగితే సర్దుకుంటది."

అది నిజమే, కొత్త లైనింగు అలాగే ఉంటుంది. ఆ నిజం వెనక నా తప్పు దాక్కుంది. కోటయ్య చేతి బ్రేకు లాగి చూశాడు. టకటకమని బిగుతుగా వచ్చింది. దొడ్డి చదును, కారు కదల్లేదు.

"అమ్మయ్య, ఇన్నాళ్లకి ఈ మోత తప్పింది," అంటూ డిక్కీలోంచి నల్లరాయి తీసి సావిడి పక్కకి గిరాటేశాడు. నేను నవ్వాను.

రెడ్డిగూడెం తోటలో

విజయవాడ రోడ్డంతా చదును. వెళ్లడం, రావడం బాగానే జరిగింది. సోమవారం వెంకట్రామయ్య గారు తోట చూడ్డానికి రెడ్డిగూడెం వెళ్లారు. వెంట నాలుగేళ్ల మనవరాలు. దారిలో ఆ పిల్ల వెనక సీట్లో నిద్రపోయింది.

తోట వాలుగా ఉంటుంది. పైన దారి, కింద నీళ్ల బావి. బావికి అప్పటికి గట్టు కట్టలేదు. కోటయ్య పైన నీడలో కారు ఆపి, చేతి బ్రేకు లాగి, పిల్ల లేవకుండా తలుపు మెల్లగా వేసి దిగాడు. గేరులో పెట్టి దిగడం అప్పటి డ్రైవర్లకి అలవాటు లేదు. అయ్యగారి వెనకే చెట్లలోకి నడిచాడు.

కాయ కోస్తున్న ఒక ఆడమనిషి కేకేసిందట. వెనక్కి తిరిగి చూస్తే కారు చప్పుడు లేకుండా వెనక్కి వాలులోకి జారిపోతోంది. కోటయ్య పరుగెత్తాడు. చెట్టు కిందున్న రాయి ఒకటి ఎత్తి వెనక చక్రం కిందికి తోశాడు. చక్రం రాయినీ, దాంతోపాటు ఆయన కుడి పాదాన్నీ ఎక్కి ఆగింది. అక్కణ్ణించి బావి నాలుగు బారల దూరం కూడా లేదు.

పిల్ల లేవనే లేదు. నిద్రలో ఉన్నదాన్ని తాతగారు చేతుల్లోకి తీసుకున్నారు. అందరూ చేరి కోటయ్య కాలు మీంచి కారు పైకి తోసి చక్రాలకి రాళ్లడ్డం పెట్టారు. ఆ తొందర్లో ఎవరో లోపలికి చెయ్యి పెట్టి చేతి బ్రేకు దించేశారు. ఎవరు దించారో తర్వాత అడిగితే ఒక్కళ్లకీ గుర్తు లేదు.

దించి ఉన్న లివరు చూసి, వెంకట్రామయ్య గారు నేల మీద పడి ఉన్న కోటయ్యని చెంప మీద కొట్టారు.

"బ్రేకు లాగకుండా దిగుతావా? పిల్లని బావిలో వేసేవాడివి."

"లాగానయ్యా."

"లాగితే ఎట్టా పోయింది?"

దానికి జవాబు నేను చూడకుండా ఎక్కించిన డ్రమ్ముల్లో ఉంది.

బాగానే ఉందండీ

మర్నాడు పొద్దున నాకు కబురొచ్చింది, తోటలో కారు జారిందట, వచ్చి బ్రేకు చూడమని. కారుని ట్రాక్టరుకి కట్టి తెచ్చారు. కందెన సంగతి నాకింకా తెలియదు. కోటయ్య మర్చిపోయి ఉంటాడులే అనుకుంటూనే వెళ్లాను.

డ్రమ్ము లాగాను. లైనింగు నల్లగా తడితడిగా ఉంది. ఇరుసు సీలులోంచి నూనె కారిందేమో అనుకున్నాను. సీలు పొడిగా ఉంది. వేలు పెట్టాను. వాసన చూశాను.

ఆముదం.

తలెత్తితే ఎదురుగా బండి కింద కందెన గొట్టం వేలాడుతోంది. దాని పక్కన గడ్డిలో కోటయ్య పారేసిన నల్లరాయి. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

వెంకట్రామయ్య గారు వరండాలో ఉన్నారు. ముత్తయ్య దూరంగా ఎడ్లకి చిట్టు కలుపుతున్నాడు. నన్నెవరూ చూడటం లేదు. నా చెయ్యి దానంతటది గుడ్డ తీసింది. పెట్రోలుతో డ్రమ్ము కడిగాను. లైనింగు మీద గరుకు కాగితం వేసి పైపొర గీకేశాను. రెండో చక్రమూ అలాగే. ఆ తర్వాత ఎన్నో బ్రేకులు చేశాను గాని ఏ రోజూ అంత శుభ్రంగా చెయ్యలేదు.

ఆయన దగ్గరికొచ్చారు. "ఏమన్నా లోపం ఉందా?"

"బాగానే ఉందండీ."

"అయితే వాడు లాగలేదన్నమాట."

అవునని నేను అనలేదు. కాదనీ అనలేదు. తల వంచుకుని స్పానర్లు సంచిలో వేసుకున్నాను. ఆ మధ్యాహ్నమే కోటయ్యని పనిలోంచి తీసేశారు.

షెడ్డుకొచ్చాక ఉస్తాద్ నా సంచిలో గుడ్డ చూశాడు. తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. అది బండి కందెనని, ఆ ఇంట్లో బండి తోలేది ఎవరని ఆయనకి చెప్పాల్సిన పన్లేదు.

"ముత్తయ్య రాశాడా?"

"ఊఁ."

"నువ్వు చూళ్లేదా?"

"లేదు ఉస్తాద్."

గుడ్డని చెత్త మంటలో పడేశాడు. "ఊరుకో. చెప్తే షెడ్డుకి ఎవరూ రారు. ఆ ముసలాణ్ణి కూడా వీధిన పడేస్తారు. కోటయ్యకేం, లారీ డ్రైవరు, ఇంకో పని దొరుకుద్ది."

ఉస్తాద్‌ని నేను తండ్రిలా చూసుకున్నాను, పని మానేదాకా ఆయన్ని తల్చుకోకుండా జాకీ ఎత్తలేదు. అయినా రాస్తున్నాను, ఆ రోజు ఆయన చెప్పింది తప్పు. అది నాకు వింటున్నప్పుడే తెలుసు. తెలిసీ హాయిగా ఊపిరి పీల్చుకున్నాను, ఎందుకంటే నాకు కావలసింది అదే మాట. ముత్తయ్య పేరు చెప్పుకుని ఇద్దరం మమ్మల్ని మేం కాపాడుకున్నాం.

కోటయ్య చెయ్యి

తర్వాత పది రోజులు ఒక చోట నిలబడలేకపోయాను. షెడ్డులో ఒక బండి విప్పి సగంలో వదిలేసి ఇంకోటి విప్పేవాణ్ణి. టీకి వెళ్లి టీ తాగకుండా వచ్చేవాణ్ణి. బస్టాండు ముందు నించుని ఉన్న కార్ల దగ్గరికి వెళ్లి, ఎవరివో ఏమిటో, అద్దంలోంచి చేతి బ్రేకు లాగి ఉందా అని తొంగి చూసేవాణ్ణి. ఒకాయన దొంగనుకుని తరిమాడు.

పదకొండో రోజున బత్తాయిలు కొనుక్కుని కోటయ్య ఇంటికెళ్లాను. పాదానికి కట్టు కట్టుకుని మంచం మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి నవ్వాడు. ఆ నవ్వుకి నాకు తల కొట్టేసినట్టయింది.

"రా మస్తానూ. నువ్వన్నా వచ్చావు."

ఆయన భార్య నాగమ్మ మంచినీళ్లు తెచ్చింది. నేను గ్లాసు పట్టుకుని చూస్తుంటే కోటయ్య కుడి చెయ్యి పక్కన గాల్లోకి వెళ్లి, పిడికిలి బిగించి, పైకి లాగి, వదిలింది. మళ్లీ లాగింది.

"పొద్దస్తమానం ఇదే తమ్ముడూ," అంది నాగమ్మ. "అన్నం తింటా కూడా ఇట్టా లాగుతానే ఉంటాడు."

"గుర్తు తెచ్చుకుంటన్నా," అన్నాడు కోటయ్య. "నా చెయ్యి లాగిందనే అంటంది. టకటకా అన్న చప్పుడు కూడా వినపడతంది. కానీ నువ్వు చూసి బ్రేకు బాగుందన్నావంట కదా."

నేను గ్లాసు కింద పెట్టాను.

"నువ్వు బాగుందన్నావంటే బాగున్నట్టే. రాయి పారేసింది కూడా నువ్వు చేశావనే కదా. అంటే నేను లాగలేదు. లాగకుండానే లాగాననుకున్నా. అట్టాంటప్పుడు ఇంతకుముందు ఎన్నిసార్లు అట్టా దిగిపోయానో ఏం తెలుసు? దేవుడు కాపాడుకుంటా వచ్చాడు."

"మొన్న లారీ ఆఫీసోళ్లు పిలిచారు తమ్ముడూ," అంది నాగమ్మ. "కాలు తగ్గాక రమ్మని. రానన్నాడు."

"నేను ఇక స్టీరింగు పట్టను. నా చెయ్యి నాకే అబద్ధం చెప్తంటే ఎట్టా పడతా?"

అక్కడే చెప్పాలి. బత్తాయిలు మంచం మీద పెట్టి బయటికొచ్చేశాను. ఉద్యోగం పోతే ఇంకోటి దొరుకుద్దని ఉస్తాద్ అన్నాడు, నేను నమ్మాను. పోయింది ఉద్యోగం కాదు. ఇరవయ్యేళ్లు స్టీరింగు పట్టిన మనిషికి తన చేతి మీద నమ్మకం తీసేశాను, నా ఒక్క మాటతో. ఆయన తన చేతి కంటే నా మాటనే ఎక్కువ నమ్మాడు.

మళ్లీ కందెన

ఇంటికి పోలేదు. షెడ్డుకీ పోలేదు. అటునుంచి అటే వెంకట్రామయ్య గారింటికి వెళ్లి వరండా ముందు నించున్నాను.

"అయ్యగారూ, కోటయ్య బ్రేకు లాగాడండీ. డ్రమ్ముల్లో కందెన ఉంది. నేను చూడకుండా బిగించాను. మొన్న మీరు పిలిచినప్పుడు చూశాను. తుడిచేసి మీతో అబద్ధం చెప్పాను."

ఆయన నమ్మలేదు. "వాడు నిన్ను బతిమాలాడా?"

"లేదండీ. ఆయనకి తెలియదు. మీరు నమ్మకపోతే మళ్లీ చేసి చూపిస్తాను. చేతి బ్రేకు మీరే లాగండి."

ఆయన సరేననలేదు గాని, వద్దనీ అనలేదు. నేను డిక్కీలో ఉన్న పనిముట్లతోనే కారెత్తి వెనక డ్రమ్ములు విప్పాను. బండి కింద గొట్టం తీసి కందెన డ్రమ్ములో పులమడం మొదలుపెట్టాను. అలవాటు లేని పని, ముద్దలు ముద్దలుగా పడుతోంది. సావిడిలోంచి ముత్తయ్య వచ్చి చూశాడు. ఏం జరుగుతోందో ఆయనకి తెలియదు.

"అట్టా కాదురా," అన్నాడు. గొట్టం నా చేతిలోంచి తీసుకున్నాడు. "ముద్దగా పెట్టకూడదు. వేలితో పల్చగా తియ్యాలి, చుట్టూతా. మొన్న నేను రాసింది అట్టాగే."

వెంకట్రామయ్య గారు వరండా మెట్ల మీద అలాగే నిలబడిపోయారు. ముత్తయ్య ఒక డ్రమ్ము పూర్తిగా రాసి, రెండోది రాసి, చేతులు తుడుచుకుని మా మొహాలు చూశాడు.

డ్రమ్ములు ఎక్కించి, కందెన లైనింగుకి పట్టేదాకా కారు ఊరు చుట్టూ తిప్పుకొచ్చాను. వాళ్ల గేటు ముందు బాట రోడ్డుకి వాలుగా దిగుతుంది. అక్కడ ఆపి, నేను దిగి, ఆయన్ని కూర్చోమన్నాను. ఎందుకైనా మంచిదని కాలు ఫుట్ బ్రేకు మీదే ఉంచుకోమన్నాను, ముందు చక్రాలు ఆపుతాయి కాబట్టి. ఆయన చేతి బ్రేకు రెండు చేతులతో లాగారు. టకటకమంది. కాలు మెల్లగా తీశారు.

కారు ఆగింది. ఒక నిమిషం అలాగే ఉంది. అలాగే ఆగిపోతే నా నిజం కూడా అబద్ధమైపోతుంది. అప్పుడు మెల్లగా, చప్పుడు లేకుండా, కదిలింది.

ఆయన పెడలు తొక్కారు. మళ్లీ లాగారు, ఈసారి మొహం ఎర్రబడేంత గట్టిగా. మళ్లీ కదిలింది. మూడోసారి ప్రయత్నించలేదు. చెయ్యి లివరు మీదే పెట్టుకుని ముందుకి చూస్తూ కూర్చున్నారు.

"నేను వాణ్ణి కొట్టాను మస్తానూ," అన్నారు.

ముత్తయ్యకి అప్పటికి అర్థమైంది. మట్టిలోనే కూలబడ్డాడు. "నేనా అయ్యా, చంటిదాన్ని..." అన్నాడు.

"నువ్వు కాదు తాతా," అన్నాను. "నువ్వు అడిగావు, ఎండిపోయి ఉందేంటని. నేను చెప్పలేదు. వచ్చాక చూడనూ లేదు."

వెంకట్రామయ్య గారు ముత్తయ్యని ఏమీ అనలేదు. కారు దిగి, చెప్పులేసుకుని, కోటయ్య ఇంటికి నడిచి వెళ్లారు. పోతూ నాతో ఒక్క మాట అన్నారు. "నువ్వు ఇక మా గుమ్మం ఎక్కొద్దు." ఎక్కలేదు. ఊళ్లో ఇంకో మూడు ఇళ్లు కూడా నన్ను పిలవడం మానేశాయి. ఉస్తాద్ పని ఇచ్చాడు గాని వర్షాలు పడేదాకా నాతో సరిగా మాట్లాడలేదు.

లాగానా?

ఇక్కడితో ఆపితే బాగుంటుందని నాకూ ఉంది. కానీ చెప్పాల్సింది ఇంకొంచెం ఉంది.

కోటయ్య కాలు కొంత కుంటు మిగిలినా తగ్గింది. మళ్లీ అదే కారు తోలాడు. నన్ను ఒక్క మాట అనలేదు. తిడితే బాగుండునని నేనెన్నోసార్లు ఎదురుచూశాను. మీదికి వచ్చి కొట్టినా సంతోషించేవాణ్ణి.

ఆయనకి నిజం తెలిసింది. ఆయన లాగాడని ఊరందరికీ తెలిసింది. కానీ పదకొండు రోజులు తన చేతిని అనుమానించిన మనిషి, నిజం తెలిసినంత మాత్రాన దాన్ని మళ్లీ నమ్మలేకపోయాడు. కారు ఎక్కడ ఆపినా చేతి బ్రేకు లాగేవాడు, దిగేవాడు, నాలుగడుగులు వేసి వెనక్కొచ్చి మళ్లీ లివరు పట్టి చూసేవాడు. మళ్లీ నాలుగడుగులు. ఆ నల్లరాయి వెతికి తెచ్చుకుని డిక్కీలో వేసుకున్నాడు. ఊళ్లో కొందరు నవ్వేవాళ్లు.

బ్రేకు పని చేసేవాళ్లకి నేను చెప్పగలిగింది ఇంతే. వేలు పెట్టి చూడండి, వాసన చూడండి. పక్కన కూర్చున్నవాడు ఎందుకని అడిగితే నవ్వకుండా చెప్పండి. తప్పు జరిగితే ఆ రోజే చెప్పండి. పదకొండో రోజున చెప్పినా నిజం నిజమేననుకుంటారు, కానీ అది చేరాల్సిన చోటికి సగమే చేరుతుంది.

తర్వాత నేను సొంతంగా బజారులో షెడ్డు పెట్టుకున్నాను. దాని ముందు రోడ్డు అరచెయ్యిలా చదును. కోటయ్య ఎప్పుడు బజారుకొచ్చినా కారు అక్కడే ఆపేవాడు. లాగేవాడు, దిగేవాడు, వెళ్లబోయి ఆగేవాడు. ఆపైన నా వైపు తిరిగి గొంతు తగ్గించి అడిగేవాడు.

"మస్తానూ, లాగానా?"

నేను ఏ కారు కింద ఉన్నా బయటికి పాకి వచ్చేవాణ్ణి. చేతులు తుడుచుకుని, తలుపు తీసి, లివరు మీద చెయ్యి వేసి చూసేవాణ్ణి. చూడకుండా చెప్పొచ్చు, ప్రతిసారీ అది లాగే ఉండేది. అయినా ఒక్కసారి కూడా చూడకుండా చెప్పలేదు. ఆయన స్టీరింగు వదిలేసేదాకా, పద్దెనిమిదేళ్లు.

"లాగావన్నా."